గుండెకు మంచిదని కొన్న క్యాప్సూల్స్ అమ్మను ఆసుపత్రిపాలు చేశాయి – వార్ఫరిన్ వాడేవాళ్లు ఇంట్లో ఉంటే జాగ్రత్త

ఒక యాప్‌లో "గుండెకు, రక్తనాళాలకు" అంటూ అమ్ముతున్న క్యాప్సూల్స్ గురించే ఈ పోస్టు. మీ ఇంట్లో ఎవరైనా వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర) వాడుతుంటే ఆర్డర్ పెట్టకండి. ఇప్పటికే వచ్చి ఉంటే మూత తీయకండి.

అమ్మకు గుండెలో మైట్రల్ వాల్వ్ మార్చారు, లోహంది. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ వేసుకోవాలి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత తొందరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష; తక్కువైతే గడ్డకట్టే ప్రమాదం) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఏళ్లుగా సరిగ్గానే ఉంది. ఇంకాస్త మేలు చేద్దామని నేనే ఇవి తెప్పించాను.

అడగకుండా కొనలేదండీ, నా కడుపుమంటంతా అదే. "మా అమ్మ వార్ఫరిన్ వాడుతున్నారు, ఇది ఇవ్వొచ్చా?" అని చాట్‌లో మందు పేరుతో సహా రాశాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "నిశ్చింతగా ఇవ్వొచ్చు మేడమ్, అంతా సహజమే, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు." ఆ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది.

మూడు వారాలు ఇచ్చాను. మొన్న పొద్దున అమ్మ తల దువ్వుకుంటుంటే దువ్వెన చేతిలోంచి జారిపడింది. వంగి తీసుకోబోతే వేళ్లకు పట్టు చిక్కలేదు. "ఏమైందమ్మా" అంటే మాట ముద్దముద్దగా వచ్చింది. పావుగంటలో సర్దుకుంది కానీ, ఆసుపత్రిలో చూస్తే ఐఎన్ఆర్ 1.4.

కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా అని డాక్టర్ గారు అడిగితే డబ్బా ఇచ్చాను. వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి చూపించారు: విటమిన్ కె2, 100 మైక్రోగ్రాములు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన 2, 7, 9, 10 ఫ్యాక్టర్లనే ప్రొటీన్లు కాలేయంలో తయారవ్వాలంటే విటమిన్ కె ఉండాలి. దాన్ని అడ్డుకోవడమే వార్ఫరిన్ పని. మాత్ర అడ్డుకుంటున్నదాన్నే నేను రోజూ అన్నం తినగానే అమ్మ చేతిలో పెట్టాను.

వార్డులోంచే ఆ క్యాప్సూల్స్ అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. పక్కన అమ్మకు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఎక్కుతోంది. "వెనకాల రాసే ఉంది కదండీ, చదువుకోవాల్సింది మీరు" అన్నాడు ఫోన్ ఎత్తినతను. మీ చాట్ స్క్రీన్‌షాట్ ఉందన్నాను. "చాట్‌లో చెప్పేది వైద్య సలహా కాదు" అని ఫోన్ పెట్టేశాడు. అమ్మ ఎలా ఉన్నారని ఒక్క మాట అడగలేదు.

చదవకపోవడం నా తప్పే. ముందున్న గుండె బొమ్మ చూసి నమ్మాను. కానీ తెలియకపోతే "డాక్టర్‌ని అడగండి" అనొచ్చు కదా. ఆ ఒక్క మాట అని ఉంటే ఆగిపోయేదాన్ని.

ఇంకో మాట. జింకో (ఒక చెట్టు ఆకుల సారం), వెల్లుల్లి క్యాప్సూల్స్, ఎక్కువ మోతాదు విటమిన్ ఇ, చేపనూనె లాంటివాటితో రివర్స్‌లో రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. ఆకుకూరల్లోనూ విటమిన్ కె ఉంటుంది కానీ అవి మానక్కర్లేదట, ఎప్పుడూ తినేంతే తింటే చాలన్నారు డాక్టర్ గారు. ఇప్పటికే ఇలాంటివి ఇస్తుంటే వార్ఫరిన్ డోసు మీరే మార్చకండి, డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఐఎన్ఆర్ చేయించండి. అమ్మకు రేపు పొద్దున మళ్లీ రక్తం తీస్తారు.