పాత కోల్ట్ కొనేవాళ్ళు ముందు స్క్రూలు చూడండి

చెన్నైలో పాత విదేశీ రివాల్వర్ కొనాలని తిరుగుతున్న మన తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. నేను 2021లో కొన్నాను. మోసపోయానని తెలిసింది మాత్రం మూడేళ్ళ తర్వాత, అదీ అమ్ముదామని బయటికి తీసినప్పుడు.

షాపు పేరు రాయను. బిల్లులో వాళ్ళు ఒక్క అబద్ధం కూడా రాయలేదు. కిటుకంతా అక్కడే ఉంది, చెప్తాను.

మా తాతకు గూడూరులో బియ్యం మిల్లు ఉండేది. చీకటి పడ్డాక డబ్బు సంచితో ఇంటికి రావాలి కాబట్టి లైసెన్స్ తీసుకున్నాడు. ఆయన దగ్గర ఉన్నది అమెరికా కోల్ట్ కంపెనీ వాళ్ళ పోలీస్ పాజిటివ్ అనే రివాల్వర్, .32 బోర్ (బోర్ అంటే గొట్టం రంధ్రం కొలత), ఆరు రౌండ్లది. మా పిల్లలకు అది కనిపించేది ఏడాదికి ఒక్కరోజే. ఆయుధపూజ నాడు పీట మీద, మిల్లు పానాల పక్కన, పసుపు కుంకుమ బొట్లతో. 1991లో తాత పోయాక నాయన దాన్ని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నాడు. లైసెన్స్ తన పేరు మీదికి మార్పించుకునే పని రేపు మాపు అంటూ వదిలేశాడు. గడువు దాటితే సర్కారుకు జమ అయిపోతుంది. అయిపోయింది. రసీదు మాత్రం ఇంకా మా బీరువాలో ఉంది.

అందుకే షావుకారుపేటలో వ్యాపారం పెట్టుకుని, వేపేరి కమిషనర్ ఆఫీసు చుట్టూ తిరిగి నాకంటూ లైసెన్స్ వచ్చాక, మన దేశంలోనే తయారయ్యే కాన్పూర్ రివాల్వర్ కొనుక్కోమని అందరూ చెప్పినా నా మనసు అటు పోలేదు. కోల్టే కావాలి. ఇలాంటి మొండి పట్టుదల మనిషి ముఖం మీద కనిపిస్తుందేమో, షాపువాడు రెండు నిమిషాల్లో పసిగట్టాడు.

అప్పటి పరిస్థితి కూడా వాడికి కలిసొచ్చింది. 2019 డిసెంబర్‌లో ఆయుధాల చట్టం మారింది. ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చన్నది రెండుకు తగ్గింది. మూడోదాన్ని ఏడాదిలోగా స్టేషన్లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పజెప్పాలన్నారు. ఇళ్ళలో తరాలుగా పడి ఉన్న పాత సరుకు ఒక్కసారిగా షాపుల్లోకి వచ్చింది. మామూలు జనం విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి, అప్పటికి దేశంలో ఉన్నవే ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. విదేశాల్లో ఓ మాదిరి ధర పలికేది ఇక్కడ లక్షల్లో ఉండటానికి కారణం అదే.

"ఒకే ఫ్యామిలీ సార్. మూడో గన్ను అని వదులుకున్నారు. ఫ్యాక్టరీ రంగు, చేయి పెట్టినవాడు లేడు" అన్నాడు. నల్లగా నిగనిగలాడుతోంది. పక్కన కోల్ట్ గుర్తు, గుర్రం బొమ్మ. దాన్ని చేతిలోకి తీసుకోగానే గూడూరు ఇంట్లో నూనె వాసన గుర్తొచ్చింది. ఇంకేం బేరం ఆడతాం? అడిగినంత ఇచ్చాను.

ఏడాది తిరక్కుండానే ట్రిగ్గర్ గార్డ్ దగ్గర నలుపు పోయి గోధుమ రంగు తేలడం మొదలైంది. చెన్నై ఉప్పుగాలి అనుకున్నాను. తోలు కేసులో పెట్టి ఉంచడం కూడా నా తప్పే. తోలు తేమ పట్టేస్తుంది, పాత ఇనుమును అందులో నెలల తరబడి ఉంచకూడదని తర్వాత తెలిసింది. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు అందరిలాగే డిపాజిట్ చేసి, మళ్ళీ తెచ్చుకుని, నూనె గుడ్డతో తుడిచాను. గుడ్డకు నలుపు అంటింది. అప్పుడు కూడా నాకు బుర్ర వెలగలేదు.

అమ్మాలన్న మాట ముందు ఇంట్లో వచ్చింది. మా చిన్నాడికి పదేళ్ళు, ఏ సొరుగు కనిపించినా లాగే వయసు. లాకర్‌లో ఉన్నా సరే మా ఆవిడకు టెన్షన్. "మీ తాతది అయితే నేనేమీ అనను. ఇది ఎవరిదో కదండీ" అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. సరే, ధర ఎంత వస్తుందో కనుక్కుందామని ఇంకో షాపుకు పట్టుకెళ్ళాను.

అక్కడ రిపేర్లు చేసే పెద్దాయన ఒకరు ఉన్నారు. చిత్తూరు వైపు మనిషి, నలభై ఏళ్ళుగా ఇదే పని. రివాల్వర్‌ని ఖాళీ చేసి చూసి, భూతద్దం తీసి, మొదట స్క్రూల దగ్గర ఆగారు. "ఎవరో దీన్ని సరిపోని స్క్రూడ్రైవర్‌తో విప్పారు నాయనా. గాడి అంచులు చూడు, నలిగిపోయాయి." తర్వాత గుర్రం బొమ్మ. కొత్తలో దాని గీతలు గోటికి తగలాలట. నాది అరిగిపోయిన పాత పైసా మీది బొమ్మలా ఉంది. తుప్పు గుంటలు పోవాలని పాలిష్ చక్రం మీద పెట్టి అరగదీసి, ఆ పైన రసాయనంతో నల్లరంగు పట్టించారు. స్క్రూ చుట్టూ ఇనుము చిన్న గిన్నెలా లోపలికి కుంగి ఉండటం కూడా ఆ పాలిష్ గుర్తే.

సిలిండర్ పక్కకు తీసి ఫ్రేమ్ మీద నంబర్ చూపించారు. సిలిండర్‌ని మోసే చేయి, క్రేన్ అంటారు, దాని మీద ఇంకో నంబర్. అంటే రెండు తుపాకుల ముక్కలు కలిపి ఒకటి చేశారు. నా లైసెన్స్‌లో ఉన్నది ఫ్రేమ్ నంబరే కాబట్టి అక్కడ చిక్కు లేదు. పాత సరుకు మోజుతో కొనేవాడికి మాత్రం ఆ ఒక్క తేడాతో విలువ చాలా పడిపోతుంది.

చివరిది ఉంది చూడండి, దానికి నాకు చెమట పట్టింది. పోలీస్ పాజిటివ్ అన్న పేరులో పాజిటివ్ ఎందుకొచ్చిందంటే, 1905లో కోల్ట్ వాళ్ళు పెట్టిన పాజిటివ్ లాక్ వల్ల. ట్రిగ్గర్ పూర్తిగా లాగితే తప్ప హ్యామర్, అంటే తూటాను కొట్టే సుత్తి, తూటా దాకా పోకుండా అడ్డం పడే చిన్న ముక్క అది. రివాల్వర్ చెయ్యిజారి కింద పడ్డా పేలకుండా కాపాడేది అదే. పెద్దాయన పక్క ప్లేటు విప్పి చూస్తే ఆ ముక్క లేదు. ఎప్పుడో అరిగితే, దొరక్క, తీసి పారేశారు. మూడేళ్ళు దాన్ని నేను ఆరు రౌండ్లతో నడుముకు కట్టుకుని తిరిగాను.

"ఇది ముసలామెకు పెళ్ళికూతురి ముస్తాబు నాయనా" అన్నారాయన. నవ్వు రాలేదు.

మొదటి షాపుకు వెళ్ళి అడిగాను. బిల్లు తీసి చూడమన్నాడు. ".32 రివాల్వర్, పాతది, నంబర్ ఫలానా." అంతే ఉంది. ఫ్యాక్టరీ రంగు, ఒకే కుటుంబం, ముట్టనిది అన్నవన్నీ నోటి మాటలు. కాబట్టి కొనేటప్పుడు చెప్పిన ప్రతి గొప్పా బిల్లులో రాయించండి. రంగు అసలుదా, నంబర్లు కలుస్తున్నాయా, లోపలి ముక్కలన్నీ ఉన్నాయా అని. రాయనంటే ధర కూడా ఆ మేరకు తగ్గించమనండి. షాపువాడు కాక వేరే చోటి రిపేరు మనిషికి చూపించాకే డబ్బు అనండి. దానికి ఒప్పుకోని చోట నిలబడకండి.

ఇంకో సంగతి. పోలీస్ పాజిటివ్ .32లోనూ వచ్చింది, .38లోనూ వచ్చింది. రెండూ చూడటానికి కవలలే. కానీ .38ది పట్టే తూటా, పాత బ్రిటిష్ సర్వీసు .380 తూటా ఒకే కొలత. ఆ తూటా పేల్చగలిగే రివాల్వర్ మన రూల్స్‌లో నిషేధిత బోర్ కిందికి వస్తుంది. మన మామూలు లైసెన్స్ దానికి పనికిరాదు. పేరు చూసి సంబరపడకుండా బ్యారెల్ మీద అచ్చు చదవండి. అలాగే "ఇది యాంటిక్ సార్, లైసెన్సే అక్కర్లేదు" అనేవాడు తగిలితే దండం పెట్టి వచ్చేయండి. చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. అది రిపేరు చేసినా పేలని వాటికి. పేలేది ఎంత పాతదైనా తుపాకే. లైసెన్స్ లేకుండా దొరికితే రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా జైలు.

లైసెన్స్ గొడవ లేకుండా నాది కొంటానని ఒకడు వచ్చాడు, బంధువుల ద్వారా. క్యాష్ ఇస్తాను, కాగితాలు వద్దన్నాడు. మనం సొంతానికి ఉంచుకున్నది లైసెన్స్ ఉన్న ఇంకొకరికి అమ్మాలన్నా, కొనేవాళ్ళ పేరూ అడ్రసూ రాసి కలెక్టర్‌కో దగ్గరి స్టేషన్‌కో ముందు తెలపాలి, ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. అలా ఆగలేనివాడితో నాకు పనేముంది?

ఇప్పుడు నా పరిస్థితి: ఉంచుకోనా, అమ్మనా? రెండు షాపులు సగానికి కాస్త ఎక్కువ ఇస్తామన్నాయి. మూడోవాడు తెలివైనవాడు. "ఇక్కడ వదిలేయండి సార్, ఒరిజినల్ అని నేనే తోసేస్తాను. వచ్చినవాడు విప్పి చూస్తాడా ఏంటి?" అన్నాడు. నిజమే, నేను చూడలేదు కదా. ఒక రాత్రంతా ఆ మాట మీద ఆలోచించానని ఒప్పుకుంటాను, నష్టం చిన్నది కాదు. కానీ వచ్చేవాడు కూడా ఏ తాత పీట మీద చూసినదాన్ని వెతుక్కుంటూ వస్తాడో. పైగా ఆ లాక్ లేని ముక్కను ఎవరి నడుముకో కట్టి పంపడం నావల్ల కాదు.

అందుకే పెద్దాయన చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి, ఆయనతో సంతకం పెట్టించుకున్నాను. రివాల్వర్ ఆయన పనిచేసే షాపులోనే డిపాజిట్‌లో ఉంది, అద్దె కడుతున్నాను. చూడాలన్నవాళ్ళకు ముందు కాగితం, తర్వాతే తుపాకీ. ఇప్పటికి ముగ్గురు వచ్చారు. ఇద్దరు సగం చదివి టీ తాగి వెళ్ళిపోయారు. మూడో ఆయన కోయంబత్తూరు నుంచి వచ్చాడు. మొత్తం చదివి, నాది వద్దన్నాడు. ఆ కాగితం మాత్రం ఫోటో తీసుకున్నాడు. ఆయనకు ఇంకెవరో ఫ్యాక్టరీ రంగు కోల్ట్ చూపిస్తున్నారట, పెట్టెలోంచి తీయనిదట, రేపే అడ్వాన్స్ అట.