మా ఇంటి లాప్‌టాప్ మూడేళ్ల తర్వాత ఎలా ఉందంటే

2022 చివర్లో కొన్నాం. ఐ3-1215యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 15.6 అంగుళాల స్క్రీన్. ఇంట్లో అందరం దీన్నే వాడతాం. నాకు ఎక్సెల్ ఫైళ్లు, మా ఆయనకి బ్యాంకు పనులు, పిల్లలకి స్కూల్ ప్రాజెక్టులు, పొద్దున్నే నాన్నకి న్యూస్ పేపర్లు. రోజుకి ఆరేడు గంటలు ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

కొనేటప్పుడు నా టెన్షన్ అంతా ఐ3 సరిపోతుందా, ఐ5కి వెళ్లాలా అనే. తీరా చూస్తే ఈ మూడేళ్లలో ప్రాసెసర్ చాలలేదని అనిపించిన రోజు ఒక్కటి కూడా లేదు. ఇందులో ఆరు కోర్లున్నాయి, ఇంట్లో చేసుకునే పనులకి అవి ఎక్కువే. మమ్మల్ని ఇబ్బంది పెట్టినవన్నీ నేను అప్పుడు సరిగ్గా చూడనివి: ర్యామ్, స్క్రీన్, మూత హింజ్ (మూత తిరిగే కీలు).

ముందు ర్యామ్ సంగతి. ఆన్ చేసి ఏమీ తెరవకముందే 8 జీబీలో సగం దాకా నిండిపోయేది. దానికితోడు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు కాబట్టి స్క్రీన్ మీద బొమ్మ కోసం కూడా అందులోంచే కొంత తీసుకుంటుంది. వీడియో కాల్ నడుస్తుండగా బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, పక్కన ఒక ఎక్సెల్ ఉంటే చాలు, ట్యాబ్ మార్చిన ప్రతిసారీ పేజీ మొదటినుంచి లోడయ్యేది. ఏడాదిన్నర ఓపిక పట్టి ఇంకో 8 జీబీ స్టిక్ తెప్పించి నేనే వేశాను. వెనకాల పది స్క్రూలు, అందులో రెండు మిగతావాటికంటే పొడుగు, అందుకని కాగితం మీద లాప్‌టాప్ ఆకారం గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకున్నాను. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో చుట్టూ మెల్లగా లేపితే అడుగు మూత టక్ టక్‌మంటూ ఊడింది. బ్యాటరీ కనెక్టర్ తీసేసి, ఖాళీ స్లాట్‌లో స్టిక్‌ని ఏటవాలుగా పెట్టి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు పట్టుకున్నాయి. అరగంట పని. ఆ రోజు నుంచి నిజంగా కొత్త లాప్‌టాప్ వాడుతున్నట్టే ఉంది. రెండు స్టిక్‌లు ఉంటే ర్యామ్ డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండూ ఒకేసారి పనిచేస్తుంది, వీడియోలు కూడా ఇదివరకటికంటే నున్నగా నడుస్తున్నాయి.

నాకు ఖాళీ స్లాట్ ఉండడం కేవలం అదృష్టం, అడిగి కొన్నది కాదు. తక్కువ ధరలో వచ్చే చాలా మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఆ 8 జీబీతోనే చివరిదాకా సర్దుకోవాలి. ఉదాహరణకి ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 7520యూ తీసుకోండి, అది వాడేది బోర్డుకే అతికించే ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్, తర్వాత పెంచుకునే వీలుండదు. ఆ చిప్ 2022లో వచ్చింది, పేరు చూస్తే కొత్తదే అనిపిస్తుంది, కానీ లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్. నంబర్‌లో మూడో అంకె 2 ఉంది చూశారా, దాని అర్థం అదే. కాబట్టి పేరులో 5 ఉందా 7 ఉందా అన్నది తర్వాత, ముందు ర్యామ్ స్లాట్ ఉందా లేదా అడగండి. లేకపోతే మొదటే 16 జీబీది తీసుకోండి.

స్క్రీన్ విషయంలో మాత్రం నాది పూర్తిగా తప్పే. ఫుల్ హెచ్‌డీ అని రాసి ఉంటే చాలనుకున్నాను, ప్యానెల్ ఏదని అడగలేదు. ఇది టీఎన్ ప్యానెల్. ఎదురుగా కూర్చుంటే పర్వాలేదు, కొంచెం పక్కనుంచో పైనుంచో చూస్తే రంగులు మారిపోతాయి. నాన్న పడక కుర్చీలో వెనక్కి వాలి చదువుతారు, మొదటి వారంలోనే "అక్షరాలు వెలిసిపోయినట్టున్నాయేంటమ్మా" అన్నారు. ఇప్పటికీ ఆయన కూర్చున్నప్పుడల్లా మూత సరిచేసుకోవాల్సి వస్తుంది. ఇది తర్వాత చేత్తో బాగుచేసుకునేది కాదు, అందుకే నాకు అన్నిటికంటే బాధ ఇదే. పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని ప్యానెల్ ఐపీఎస్, ఆ పేరు స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. కొనేముందు ఏదైనా తెల్ల పేజీ తెరిచి, మూత బాగా వెనక్కి వంచి, నిలబడి ఒకసారి చూడండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

హింజ్ రెండో ఏడాది చివర్లో కిర్రుమనడం మొదలైంది. కుడి మూల పట్టుకుని మూత తెరవడం మా అందరికీ అలవాటు, బరువంతా ఒకపక్కే పడి ఆ పక్క ప్లాస్టిక్ సన్నగా చీలింది. వారంటీ అయిపోయింది. బయట మెకానిక్ దగ్గర బాగుచేయించాం, ఇప్పుడు మధ్యలో పట్టుకుని తెరవాలని ఇంట్లో గట్టి రూల్.

256 జీబీ అన్నది విండోస్‌లో 238గా కనబడుతుంది. ఫోన్ ఫొటోలన్నీ ఇందులోకి ఎక్కించుకునే ఇల్లైతే 512 తీసుకోవడం మేలు. ఈఎంఎంసీ అనే చవకరకం స్టోరేజ్ ఉన్నవాటి జోలికి మాత్రం వెళ్లకండి, ఎస్ఎస్‌డీ అంత వేగం ఉండదు, బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి మార్చడమూ కుదరదు.

డబ్బు కలిసొస్తుందని వాడిన లాప్‌టాప్ కొనాలనుకుంటే ఒక మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో అయితే దాదాపు 8వ తరం నుంచే. మా పాత లాప్‌టాప్ 6వ తరానిది, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, కానీ అందులో బ్యాంకు సైట్లు తెరవడం మానేశాం.

బ్యాటరీ కొత్తలో ఐదున్నర గంటలు వచ్చేది, ఇప్పుడు మూడున్నర దాటట్లేదు. పోయిన నెల విండోస్‌లోని బ్యాటరీ రిపోర్ట్ తీసి చూస్తే 41 వాట్ అవర్ల బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసినా 28 దగ్గరే ఆగుతోంది. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేసే సెట్టింగ్ ఇందులో మొదటినుంచీ ఉంది, నేను చూసింది మూడో ఏడాదిలో. ర్యామ్ వేసినప్పుడు గమనించాను, బ్యాటరీ జిగురుతో కాకుండా స్క్రూలతోనే బిగించి ఉంది. సెలవుల్లో కొత్తది తెప్పించి మార్చేస్తాను, ఆ స్క్రూల కాగితం ఇంకా దాచే ఉంచాను.