పాల మీద వేసిన నీలాపనింద: లో-ఫాడ్‌మ్యాప్ డైట్‌తో మూడేళ్లు

ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో వేధించే పేగు సమస్య) ఉన్నవాళ్లకు లో-ఫాడ్‌మ్యాప్ (పేగుల్లో సరిగ్గా పీల్చుకోబడక పులిసే కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు, అంటే ఫాడ్‌మ్యాప్‌లు, తగ్గించే డైట్) అంటే ఏమిటో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఏం తినాలి, ఏం మానాలి అనే జాబితాలు అందరి దగ్గరా ఉన్నాయి. మూడేళ్లు ఈ పద్ధతిలో ఉన్నాక నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నది ఒక్కటే. దీని అసలు విలువ మానేయడంలో లేదు. మానేసినవాటిని ఒక్కొక్కటిగా మళ్లీ తిని చూసే రెండో దశలో ఉంది. ఆ దశను తొందరగా ముగించి, తప్పు తీర్పు రాసుకుని, నేను ఏడాది పాటు పాలు ముట్టలేదు.

మొదటి దశ నిజంగా బాగా పనిచేసింది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు, యాపిల్, తేనె అన్నీ ఒకేసారి ఆపాక పదో రోజుకే ఉబ్బరం సగానికి తగ్గింది. పొద్దున నాలుగుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తే మనిషిని, ఒకసారితో సరిపోయింది. కనిపించిన ప్రతివాళ్లకూ ఇదే మందు అని చెప్పాను. ఆ దశ 2 నుంచి 6 వారాలే ఉండాలి. హాయిగా ఉంది కదా అని నేను నాలుగు నెలలు లాగాను. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు ఆహారం ఈ ఫాడ్‌మ్యాప్‌లే కాబట్టి, ఎక్కువ కాలం ఆపితే వాటి సంఖ్య తగ్గుతుందని తర్వాత డైటీషియన్ చెప్పారు.

ఆ తర్వాత ఆవిడ చెప్పినట్టే పరీక్షలు మొదలుపెట్టాను. ఒక్కో రకాన్ని 3 రోజులు, మోతాదు పెంచుకుంటూ తినాలి. తర్వాత రెండు మూడు రోజులు ఆపి, ఇంకో రకానికి వెళ్లాలి. ముందు పాలు. మొదటి రోజు పావు గ్లాసు, ఏమీ కాలేదు. రెండో రోజు అర గ్లాసు తాగాక సాయంత్రానికి పొట్ట బిగుసుకుపోయింది. మూడో రోజు గ్లాసు నిండా తాగాను, రాత్రంతా విరేచనాలు. డైరీలో ‘లాక్టోజ్ పడదు’ అని రాసి కింద గీత గీశాను. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర. ఎప్పటినుంచో పాల మీదే అనుమానం ఉండేది కాబట్టి రెండోసారి చూడాలని కూడా అనిపించలేదు.

ఏడాది తర్వాత జలుబు చేసింది. గొంతు మంటకు చక్కెర లేని దగ్గు బిళ్లలు రోజుకు ఏడెనిమిది చప్పరించాను. పాల చుక్క ముట్టలేదు, తిండిలో ఏ మార్పూ లేదు. అయినా రెండో రోజు సాయంత్రం అదే బిగువు, మూడో రోజు రాత్రి అవే విరేచనాలు. ప్యాకెట్ తిప్పి చూస్తే మొదటి పదార్థమే సార్బిటాల్. చక్కెర బదులు వాడే తీపి పదార్థం, అదీ ఒక ఫాడ్‌మ్యాపే. ఎక్కువగా తీసుకుంటే విరేచనాలు కావచ్చని చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంది. వెంటనే పాత డైరీ తీశాను. పాల పరీక్ష పేజీ అంచున నా చేతిరాతతోనే ఉంది: ‘గొంతు నొప్పి, బిళ్లలు’. ఆ పేజీ చూసి నాకు చాలా బాధేసింది.

జీర్ణం కాని లాక్టోజ్ అయినా, సరిగ్గా పీల్చుకోబడని సార్బిటాల్ అయినా పేగులోకి నీటిని లాగుతాయి, పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. లక్షణం చూసి ఏది ఏమిటో చెప్పలేం. జలుబు పూర్తిగా తగ్గాక పాల పరీక్ష మళ్లీ చేశాను. గ్లాసు వరకు ఏమీ కాలేదు. రెండు గ్లాసులైతే కొంచెం ఉబ్బరం. అంతే.

అప్పటినుంచి ఏ పరీక్షకైనా ముందు వారం మందులు, సిరప్‌లు, చూయింగ్ గమ్‌లు అన్నీ డైరీలో రాస్తున్నాను. ఫలితం తేడాగా వస్తే నెల ఆగి రెండోసారి చూస్తున్నాను. అలా చూస్తే నాకు అసలు పడనిది ఉల్లి అని రెండుసార్లూ తేలింది. వెల్లుల్లి ముక్కలు కూడా పడవు. కానీ వాటిని నూనెలో వేయించి, తీసేసి, ఆ నూనె వాడితే ఏ ఇబ్బందీ లేదు. వాటిలోని ఫ్రక్టాన్లు అనే ఫాడ్‌మ్యాప్‌లు నీటిలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు. వంటలో ఆ వాసన తిరిగొచ్చిన రోజు నేనెంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఇక మొదట్లో ఇదే మందు అన్నాను చూడండి, ఆ మాట ఇప్పుడు అనను. ఆఫీసులో పని ఒత్తిడి పెరిగిన రెండు నెలలు డైట్ ఒక్క గ్రాము తప్పకపోయినా కడుపు నొప్పి వచ్చింది. టెన్షన్, నిద్రలేమి ఉంటే జాబితా ఏమీ చేయలేదు. నాది విరేచనాల రకం. మలబద్ధకం రకం వాళ్లకు పీచు తగ్గి ఇబ్బంది పెరగొచ్చు. ఇప్పటికే బరువు తక్కువున్నవాళ్లు, తిండి అంటేనే భయం పట్టుకున్నవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టొద్దు. నాకు వండుకునే తీరిక ఉంది, అడిగితే చెప్పే డైటీషియన్ ఉన్నారు. ఈ రెండూ లేకపోతే ఇంత దూరం వచ్చేదాన్ని కాదేమో. ఇంకో సంగతి, గోధుమ మానకముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే డైట్ సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గోధుమ పరీక్ష మాత్రం నాకింకా తేలలేదు. మొదటిసారి పడలేదు, రెండోసారి పడింది. వచ్చే నెల మూడోసారి చూస్తాను.