పగిలింది అద్దమైతే కిటికీని పీకాలా?

హనుమకొండలోనో కాజీపేటలోనో ముప్పై, నలభై ఏళ్ల కిందట కట్టిన ఇంట్లో ఉంటున్నవారు ఈ మాట వినే ఉంటారు: "ఇంకా ఈ చెక్క కిటికీలేమిటండీ, తీయించి యూపీవీసీ పెట్టించండి." యూపీవీసీ అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీ. పగిలింది ఒక అద్దం. సలహా మాత్రం ఇంట్లోని కిటికీలన్నిటికీ. అద్దం మార్చడం ఒక పూట పని. కిటికీ మార్చాలంటే చౌకట్టు పెకలించాలి, చుట్టూ గోడ పగలాలి, మళ్లీ ప్లాస్టరింగు, మళ్లీ రంగు. ఖర్చులో ఈ రెండింటికీ పొంతనే ఉండదు. అయినా కొన్ని ఇళ్లలో మార్చడమే సరైన పని. ఆ సంగతి తేల్చేది అద్దం కాదు, దాన్ని పట్టుకున్న చెక్క. ఆ చెక్క టేకు అయి, గట్టిగా ఉంటే మరమ్మతు చేయించడమే మేలని గట్టిగా చెబుతాను. ఏటూరునాగారం, ఆదిలాబాద్ అడవుల టేకు పేరున్న ప్రాంతం మనది. ఆ రోజుల్లో ఇళ్లకు వాడిన ముదురు టేకును ఇవాళ కొనబోతే ధర చూసి గుండె గుభేలుమంటుంది. అలాంటి చెక్కను పాతసామాను బండికెత్తడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

కాబట్టి ముందు చెక్కను పరీక్షించండి. రెక్క తెరిచి కింది రెండు మూలలు చూడండి. నిలువు చెక్క, అడ్డ చెక్క కలిసే అతుకు అది. అద్దం మీద నుంచి జారిన వాన నీరు చివరకు నిలిచేది అక్కడే. సన్నని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే గట్టి టేకు మీద గీత పడుతుంది, అంతకు మించి ఏమీ కాదు. కుళ్లిన చెక్కలోకి మొన మెత్తగా దిగిపోతుంది, బయటికి లాగితే ముదురు గోధుమ రంగు పొడి రాలుతుంది. తరువాత వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే లోపలి చెక్కను చెదలు తినేసి పై రంగు పొరను మాత్రం మిగిల్చాయన్నమాట. చౌకట్టు గోడలో కలిసే చోట సన్నని మట్టి గీతలు ఉన్నాయేమో కూడా చూడాలి. రెక్కలు టేకువి పెట్టి, చౌకట్టు వేపతోనో మద్దితోనో చేయించిన ఇళ్లున్నాయి. అక్కడ రెక్క నిక్షేపంగా ఉండి చౌకట్టు పోయి ఉండవచ్చు. ఒక్క మూలే పాడైతే మంచి వడ్రంగి ఆ మేరకు కోసి కొత్త టేకు ముక్క అతుకుతాడు, రంగు వేశాక అతుకు కనిపించదు. కింది అడ్డ చెక్క అంతా, దానితో పాటు చౌకట్టూ పోతే మాత్రం ఇక ఆ కిటికీ మీద డబ్బు పెట్టవద్దు, మార్చేయండి.

పాత క్వార్టర్లలో కనిపించే ఇనుప కిటికీల సంగతి వేరు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి అద్దం అంచును నొక్కుతుంది, ఆ ఒత్తిడికే మూలన చీలిక వస్తుంది. తుప్పు గీకి రెడాక్సైడ్ ప్రైమర్ పూయకుండా కొత్త అద్దం వేస్తే అదీ అక్కడే పగులుతుంది.

అద్దం ఎందుకు పగిలిందన్నది కూడా ముఖ్యమే. మన వైపు ఎక్కువగా కనిపించే కారణాలు ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానలు, ఆపైన కోతులు. రెండు సందర్భాల్లోనూ జరిగేది ఒకటే: కొక్కెం వేయని రెక్క విసురుగా వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. వరంగల్ కాలనీల్లో కోతులు రెక్క పట్టుకుని ఊగడం చూడనివారు అరుదు. రెక్క ఆడుతూ ఉంటే ఎంత ఖరీదైన అద్దమైనా నిలవదు. అందుకే అద్దాల దుకాణానికి వెళ్లే ముందే ప్రతి రెక్కకూ గాలి కొక్కెం వేయించండి, వదులైన బందులకు పొడవాటి మరలు బిగించండి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక ఏ అద్దం వేయాలి? చిన్న చిన్న గళ్లున్న పాత రెక్కలకు 4 ఎంఎం సాదా అద్దం చాలు. పలక పెద్దదైతే 5 ఎంఎం. బాత్రూముకు, వీధి వైపు గదికి గరుకు అద్దం. ఒక ఎంఎం మందం ఉన్న అద్దం చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. అంటే 4 ఎంఎం అయితే 10 కిలోలు, 6 ఎంఎం అయితే 15 కిలోలు. అరిగిన బందుల మీద ఆ అయిదు కిలోల తేడా రెక్క కిందికి వాలడంలో బయటపడుతుంది. మందం పెంచితే బలం పెరిగినట్లేనని చాలామంది అనుకుంటారు, చెక్కలో అద్దం కూర్చునే గాడి ఎంత లోతుందో చూడరు.

వేడితో గట్టిపరిచిన టఫెన్డ్ అద్దానికి సాదా అద్దం కంటే నాలుగైదు రెట్లు బలం ఎక్కువ. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా మొద్దుబారిన చిన్న ముక్కలుగా రాలుతుంది. అయితే తయారయ్యాక దాన్ని కోయడం, తొలవడం కుదరదు, కొలత ఇచ్చి చేయించుకోవాలి. కొలతలో పొరపాటు జరిగితే ఆ పలక ఇక పనికిరాదు. పాత చెక్క గళ్లు కొద్దో గొప్పో వంకరగా ఉంటాయి కాబట్టి వాటికి సాదా అద్దమే అనువు. కిటికీ నేలకు దగ్గరగా ఉన్నా, దాని పక్కనే పిల్లల మంచం ఉన్నా, మెట్ల దగ్గరి పెద్ద పలకైనా మాత్రం టఫెన్డే వేయించండి, అక్కడ ఖర్చుకు వెనుకాడవద్దు. రెండు అద్దాల మధ్య పొర పెట్టిన ల్యామినేటెడ్ రకం పగిలినా ఊడిపడదు, అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. మంచిదే, కానీ బరువూ మందమూ ఎక్కువ. పాత రెక్కల గాడిలో అది ఇమడడం కష్టం. పగలకుండా కేవలం తెల్లగా మసకబారిన అద్దాలను మాత్రం పారేయకండి. చాలావరకు అవి బోరు నీళ్ల ఉప్పు మరకలు. వెనిగరుతోనో నిమ్మరసంతోనో కాసేపు నానబెట్టి తుడిస్తే పోతాయి.

అద్దం బిగించే తీరులో కూడా ఎంచుకోవలసింది ఉంది. లప్పం, చెక్క బీడింగు (అద్దం చుట్టూ బిగించే సన్నని చెక్క పట్టీ), సిలికాన్ అని మూడు పద్ధతులు. అవిసె నూనె, సుద్దపొడి కలిపి పిసికిన పాతకాలపు లప్పమే చెక్క కిటికీకి నా మొదటి ఎంపిక. ఈ పని దగ్గరుండి చూడదగ్గది. ముందు పగిలిన పలక మీద టేపు అడ్డదిడ్డంగా అతికించి, మందపాటి చేతి తొడుగులు వేసుకుని ముక్కలు తీస్తారు. తీసిన ముక్కలను మందపాటి అట్టలో చుట్టి, పైన "పగిలిన అద్దం" అని రాసి చెత్త బండిలో విడిగా ఇవ్వండి, ఆ సంచి ఎత్తేది మనలాంటి చేయే. పాత లప్పం రాయిలా గట్టిపడి ఉంటుంది. ఉలితో కొద్దికొద్దిగా రేపాలి, తొందరపడితే గాడి అంచు చీలుతుంది. లప్పం కింద తలలేని చిన్న మేకులు దాగి ఉంటాయి, వాటినీ లాగేయాలి. గాడి శుభ్రమయ్యాక దానికి ఒక పూత ప్రైమర్ వేయాలి. చాలామంది వదిలేసే పని ఇదే. ప్రైమర్ లేని పొడి చెక్క లప్పంలోని నూనెను పీల్చేస్తుంది, ఏడాది తిరిగేలోపు లప్పం పెచ్చులుగా ఊడుతుంది. గాడిని పైన, మధ్యన, కింద కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలతలో మరో మూడు ఎంఎం తగ్గించి అద్దం కోయించాలి. వానలకు చెక్క ఉబ్బినప్పుడు ఆ సందే అద్దాన్ని కాపాడుతుంది. గాడిలో పలచగా లప్పం పరిచి, అద్దాన్ని అంచుల దగ్గర మాత్రమే నొక్కుతూ కూర్చోబెట్టి, మేకులు కొట్టి, బయటి వైపు నీరు జారేలా ఏటవాలుగా లప్పం పూయాలి. పైపొర గట్టిపడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తరువాతే దాని మీద రంగు.

బీడింగు చూడడానికి నీటుగా ఉంటుంది, మళ్లీ అద్దం మార్చాలంటే సులువు. గది లోపలి వైపు నుంచి బిగించే కిటికీకి అది సరే. వాన కొట్టే వైపు పొడి బీడింగు ఒక్కటే పెడితే దాని వెనక నీరు చేరుతుంది. సిలికాన్ త్వరగా అయిపోయే పని కావడంతో ఇప్పుడు చాలామంది అదే పూస్తున్నారు. కానీ మామూలు సిలికాన్ మీద రంగు నిలవదు, రేపు మళ్లీ అద్దం పగిలితే గాడిలోంచి దాన్ని గీకి తీయడం ఒక యాతన. పుల్లని వెనిగరు వాసన వచ్చే రకం లోహాన్ని తింటుంది కూడా, ఇనుప, అల్యూమినియం కిటికీలకు ఆ వాసన లేని న్యూట్రల్ రకమే వాడాలి.

మొత్తం మార్చాల్సిన కిటికీల విషయానికి వస్తే, యూపీవీసీకి ఉన్న మేళ్లను కాదనలేం. చెదలు పట్టవు, రంగు అవసరం లేదు, రబ్బరు పట్టీల వల్ల దుమ్ము, రోడ్డు చప్పుడు బాగా తగ్గుతాయి. దోమల జాలీ కావాలంటే దానిలోనే అమర్చుకోవచ్చు. బయటికి తెరుచుకునే చెక్క రెక్కలకు జాలీ అమర్చడం ఎప్పుడూ తలనొప్పే. రామగుండం, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ముతో వేగేవారికి ఈ ఒక్క కారణమే చాలు. కొనేటప్పుడు లోపల ఉక్కు పట్టీ ఉందో లేదో అడిగి, కోసిన ముక్క చూపించమనండి. ముదురు రంగు కంటే తెలుపు మేలు. మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో ముదురు రంగు ప్లాస్టిక్ ఎక్కువ వేడెక్కి ఎక్కువ సాగుతుంది. పక్కకు జరిగే రకంలో ఒక లోటుంది: రెండు పలకల్లో ఒకటి ఎప్పుడూ మూసే ఉంటుంది కాబట్టి సగం గాలే లోపలికి వస్తుంది. కరెంటు పోయిన వేసవి రాత్రి ఆ సగం లేని లోటు తెలుస్తుంది. స్థలం ఉంటే పూర్తిగా తెరుచుకునే రెక్కలే అడగండి. అల్యూమినియం ధర తక్కువ, సన్నగా ఉంటుంది, వెలుతురు ఎక్కువ వస్తుంది. ఎండ వేడిని మాత్రం లోపలికి మోసుకొస్తుంది. ఉత్తరం వైపు కిటికీకీ బాత్రూముకూ అది చాలు, పడమటి గోడకు వద్దు.

మరమ్మతు చేశాక రంగు సంగతి. పాత రంగును పొడి ఉప్పు కాగితంతో రుద్దడం మొదలుపెట్టే ముందు ఆగండి. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పొరల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఆ ధూళి పసిపిల్లలకు చాలా ప్రమాదం. నీళ్లలో తడిపే వాటర్ పేపరుతో తడి మీదే రుద్ది, బురదను గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. గర్భిణులను, చిన్నపిల్లలను ఆ రోజు ఇంట్లో ఉంచవద్దు. మంటతో కాల్చి రంగు ఊడదీయడం అసలే వద్దు, సీసపు పొగ రావడమే కాక పక్కనున్న అద్దం కూడా చిట్లుతుంది.

ఎనామెలా, పాలిషా? బయటి వైపు ఎనామెలే. ప్రైమర్, దాని మీద రెండు పలచని పూతలు. ఒకే మందపాటి పూత వేస్తే రెక్కలు ఇరుకై ఒకదానికొకటి అంటుకుంటాయి. పాలిష్ కింద టేకు చారలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ ఎండా వానా తగిలే చోట దాన్ని తరచూ మళ్లీ వేయిస్తూ ఉండాలి. అది గది లోపలి వైపుకు ఉంచుకోండి. రంగు పూసేటప్పుడు లప్పం దాటి అద్దం మీదికి ఒకటి రెండు ఎంఎం రానివ్వాలి. ఆ సన్నని గీతే నీరు లోపలికి దిగకుండా ఆపుతుంది. దాన్ని బ్లేడుతో గీకేయనివ్వకండి. ఇక రెక్క అడుగు అంచు. ఎవరికీ కనిపించదని రంగువాళ్లు అక్కడ బ్రష్షు పెట్టరు, కింది మూలలు కుళ్లడం మొదలయ్యేది ఆ రంగులేని చోటు నుంచే. పని అయిపోయిందనగానే రెక్క కింద చేతి అద్దం పెట్టి చూడండి. పచ్చి చెక్క కనిపిస్తే డబ్బు ఇచ్చే ముందే పూయించండి.

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలంలో రెక్క పట్టేస్తోందని చిత్రిక పట్టించవద్దు. ఉబ్బిన చెక్కను అప్పుడు తగ్గిస్తే ఎండాకాలానికి వేలు దూరేంత సందు మిగులుతుంది. జూలైలో అద్దం పగిలితే వెంటనే అద్దం మాత్రం వేయించి, రంగు పనిని నవంబరు తరువాతకు ఉంచండి. అప్పటికి చెక్క ఆరి ఉంటుంది. మన దగ్గర పడమటి కిటికీల మీదే నైరుతి వానా, సాయంత్రపు ఎండా రెండూ పడతాయి కాబట్టి ముందుగా పోయేవి అవే. ఆ వైపు ఒకటి రెండు మార్చాల్సి వచ్చినా మిగతా మూడు వైపుల టేకును ముట్టుకోనక్కరలేదు. తీసిన పడమటి రెక్కల్లో బాగున్న చెక్కను వడ్రంగికి ఇచ్చి దాచమనండి, మిగిలిన కిటికీల మూలలకు అతుకు వేయడానికి అంతకంటే మంచి చెక్క దొరకదు.