ఓపినెల్ నంబర్ 8: ఒకే బ్రాండ్ వెంట తిరిగిన నాకు నచ్చిన మడత చాకు

నా దగ్గర ఇరవై రెండు మడత చాకులుండేవి, అందులో పదిహేడు ఒకే బ్రాండ్‌వి. పిడి రంగు మారిస్తే కొన్నాను, స్టీల్ మారిస్తే అదే మోడల్ మళ్లీ కొన్నాను. ఇది నాకు అవసరమా అని ఒక్కసారీ ఆలోచించలేదు. పోయినేడు వాటిలో అన్నిటికంటే ఖరీదైన దానికి లాక్ వదులైంది. వారంటీ ఉంది, కానీ చాకుని నా ఖర్చుతో వాళ్ల దేశానికి పంపాలన్నారు. ఆ పార్సిల్ ఖర్చు విన్నాక నిజంగా మనసు విరిగింది.

అప్పుడు తెప్పించుకున్నదే ఈ ఓపినెల్, కార్బన్ స్టీల్‌ది. ధర ఆ ఖరీదైన దాంట్లో పదో వంతు కూడా లేదు. ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఓపినెల్ మొదలుపెట్టిన చాకు ఇది. బీచ్ చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, 1955లో వచ్చిన తిప్పే రింగు లాక్, అంతే. వదులు కావడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు.

మొదటి వారం పప్పులోకి పచ్చి మామిడికాయ కోశాను. కాసేపటికే బ్లేడు మీద నీలం, బూడిద రంగు మరకలు తేలాయి, తుప్పేమోనని టెన్షన్ పడ్డాను. అది తుప్పు కాదు, పులుపు తగిలితే కార్బన్ స్టీల్ మీద వచ్చే పొర, తుప్పు పట్టడాన్ని కొంత తగ్గిస్తుంది కూడా. అసలు తుప్పు ఎలా ఉంటుందో తర్వాత తెలిసింది: ఒక రాత్రి తడిగా వదిలేస్తే పొద్దున్నే అంచు దగ్గర నారింజ రంగు చుక్కలు, మరి మాది విశాఖ, సముద్రపు గాలి. ఇప్పుడు వాడగానే తుడిచి రెండు చుక్కలు నూనె రాస్తున్నాను. పదును మాత్రం అద్భుతం, పండిన టమాటా నలగకుండా తెగుతుంది, మొద్దుబారితే సానరాయి మీద ఐదు నిమిషాలు చాలు.

వానాకాలంలో ఇంకో ఇబ్బంది. చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది, గోరు పెట్టి లాగినా రాదు. సావోయ్ వాళ్లు రింగు తెరిచి పిడి చివరని బల్లకేసి తడతారు, బ్లేడు కొంచెం బయటికొస్తుంది, అక్కడ పట్టుకుని తెరుస్తారు. నేనూ అదే చేస్తున్నాను, పని చేస్తోంది.

బ్రాండ్ మీద అభిమానం తప్పని నేననను. అమెరికాలో కేస్ కంపెనీ 1970లో మార్కు కింద పది చుక్కలు పెట్టి ఏటా ఒకటి తీసేస్తూ వచ్చింది, వాటిని లెక్కపెట్టి ఏ ఏడాది చాకో చెప్పే సేకర్తలున్నారు, ఆ ఇష్టంలో వస్తువు మీద శ్రద్ధ ఉంది. నాకు గుర్తు మీదే తప్ప చాకు మీద శ్రద్ధ లేకపోయింది. అందుకే ఆ పదిహేడింటిలో వాడని ఐదు అమ్మేశాను.

సముద్రం దగ్గరుండేవాళ్లు, తుడిచే ఓపిక లేనివాళ్లు స్టెయిన్‌లెస్‌ది తీసుకోండి, చెయ్యి చిన్నదైతే నంబర్ 6 చూడండి. ఒంటిచేత్తో తెరవాలనుకుంటే ఇది మీకు కాదు. మా అమ్మ బెండకాయలు కోయడానికి రోజూ నాది అడుగుతోంది, తనకి స్టెయిన్‌లెస్‌లో ఒకటి నిన్ననే ఆర్డర్ పెట్టాను.