ఆపేసిన మోడల్‌లో మిగిలిపోయిన కొత్త బండి: మూడో ఏడు నడుస్తుండగా నా మాట

ముందే చెప్పేస్తా. ఇలాంటి బండి కొనొచ్చు, కానీ మూడు నాలుగేళ్ళకోసారి బండి మార్చే అలవాటున్నవాళ్ళకు ఇందులో లాభం లేదు. నాది 200 సీసీ సింగిల్ సిలిండర్ బండి. కంపెనీ పేరు రాయట్లేదు, రాస్తే ఆ కంపెనీ అభిమానులూ పడనివాళ్ళూ దాని మీదే వాదించుకుంటారు, అసలు విషయం పక్కకు పోతుంది. 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా తయారయ్యే బండ్లకు ఓబీడీ-2 (పొగను అదుపు చేసే భాగాలు సరిగ్గా పనిచేస్తున్నాయా అని బండే కనిపెట్టే ఏర్పాటు) తప్పనిసరి అయింది కదా, అప్పుడు అంతంతమాత్రంగా అమ్ముడుపోతున్న మోడళ్ళ మీద మళ్ళీ ఖర్చు పెట్టడం దండగ అనుకుని చాలా కంపెనీలు వాటిని ఆపేశాయి. యమహా ఎఫ్‌జెడ్ 25 కూడా ఆ సమయంలోనే పోయింది. నా బండీ ఆ బాపతే. తిరుపతిలో ఒక షోరూమ్ గోడౌన్‌లో దుమ్ముపట్టి ఉన్నదాన్ని ఆ ఏడాది వేసవి చివర్లో తీసుకున్నా.

ఇలాంటి బేరం అనగానే చాలామందికి 2017 గుర్తొస్తుంది. ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 (పాత పొగ నిబంధనల ప్రకారం చేసిన) బండ్లు అమ్మకూడదు, రిజిస్టర్ చేయకూడదు అని సుప్రీంకోర్టు మార్చి 29న చెప్పేసరికి, మిగిలిన రెండు రోజుల్లో షోరూములు ఖాళీ చేసుకోవడానికి కొన్ని బండ్ల మీద ఇరవై వేల దాకా తగ్గించారు. 2020లో బీఎస్-4కీ అదే ఏప్రిల్ 1 గడువు, దానికి తోడు లాక్‌డౌన్ వచ్చి పడింది. ఆ లెక్క మనసులో పెట్టుకుని 2023లో బేరానికి వెళ్ళినవాళ్ళు నిరాశపడ్డారు, ఎందుకంటే ఈసారి గడువు తయారీకి మాత్రమే. గోడౌన్‌లో ఉన్న సరుకును తర్వాత కూడా అమ్ముకోవచ్చు కాబట్టి డీలర్‌కు పెద్ద తొందరేం లేదు. నాకు తగ్గింది పదిహేను వేల లోపే. అది కూడా ఎక్స్-షోరూమ్ ధర మీద తగ్గిస్తున్నారా, లేక యాక్సెసరీలూ హ్యాండ్లింగ్ చార్జీలూ అంటూ ఇంకోవైపు లాగేసుకుంటున్నారా అని కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చా.

"ఇది మొన్ననే దిగిందన్నా" అని షోరూమ్ అబ్బాయి కాణిపాకంలో ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పాడు. పాపం వాణ్ని అనడానికి లేదు, వాడికి అలా చెప్పమని నేర్పించి ఉంటారు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అవి చూస్తే టైర్లే 2022 మధ్యలోవి. సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21లో బండి తయారైన నెలా సంవత్సరమూ రాస్తారు, అది అడిగి చూస్తే సరిపోతుంది. ఇంకో మోసం కూడా ఉంది. గడువుల సమయంలో కొందరు డీలర్లు మిగిలిన బండ్లను తమవాళ్ళ పేరు మీద రిజిస్టర్ చేసి పెట్టుకుని, తర్వాత "జీరో కిలోమీటర్ బండి" అని అమ్మేవారు. మీటర్‌లో సున్నా ఉన్నా మీరు రెండో ఓనరే అవుతారు. కాబట్టి డబ్బు కట్టేముందు ఆ బండికి ఇప్పటికే నంబర్ ఉందా అని గట్టిగా కనుక్కోండి.

దాదాపు ఏడాది కదలకుండా నిలబడ్డ బండిలో ఏమేం చెడతాయో మా మెకానిక్ ముందే చెప్పాడు. బ్యాటరీ దిగిపోతుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, చైను తుప్పు పడుతుంది, ట్యాంకులో కొంచెం పెట్రోల్ వదిలేసి ఉంటే అది పాడవుతుంది, ఎలుకలు వైర్లు కొరికే అవకాశం వేరే. అందుకని కొత్త బ్యాటరీ, కొత్త ఇంజిన్ ఆయిల్, కొత్త బ్రేక్ ఆయిల్ వేస్తేనే డెలివరీ తీసుకుంటానని రాయించుకున్నా. బ్యాటరీ కోసం వారం పైన తిప్పారు. మన చిత్తూరు జిల్లా నూనెగుండ్లపల్లిలో బండ్ల బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకుని ఈ తిప్పుడేంటో! వారంటీ మాత్రం తయారైన తేదీ నుంచి కాకుండా అమ్మిన తేదీ నుంచే లెక్కేశారు, అది బాగుంది.

నడపడానికి వంక పెట్టేదేం లేదు. రోజూ రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో పోతా, నెలకోసారైనా చిత్తూరు పోయొస్తా, అప్పుడప్పుడూ కొండకు. మే నెల ఎండల్లో కూడా ఇబ్బంది పెట్టలేదు. కొత్తగా దిగిన వాటిలో ఫోన్‌కు కనెక్ట్ అయ్యే మీటర్లు అవీ ఉన్నాయి, నాకవి అక్కర్లేదు.

అసలు చెప్పాల్సింది స్పేర్ పార్టుల గురించి. "మోడల్ ఆపేశారు, ఇంజిన్ సామాను దొరకదు" అని మా వీధిలో ప్రతివాడూ భయపెట్టాడు. ఇంజిన్‌కు ఏ టెన్షనూ లేదు. ఇదే ఇంజిన్ ఆ కంపెనీ ఇంకో మోడల్‌లో ఇప్పటికీ వస్తోంది, క్లచ్ ప్లేట్లు, ఎయిర్ ఫిల్టర్, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ ప్యాడ్లు అడిగిన రోజే తిరుపతిలో దొరుకుతున్నాయి. దొరకనివి ప్లాస్టిక్ సామాన్లు. హెడ్‌లైట్, మీటర్, ట్యాంకు పక్కన రెక్కలు, సైడ్ ప్యానెళ్ళు ఆ ఒక్క మోడల్‌కే చేసినవి, మోడల్ పోతే వాటి తయారీ కూడా మందగిస్తుంది.

ఇది నాకు లీలామహల్ సర్కిల్ దగ్గర తెలిసొచ్చింది. ఒక ఆటో చూసుకోకుండా వెనక్కి రావడంతో హెడ్‌లైట్, దాని బ్రాకెట్ రెండూ పగిలాయి. పెద్ద దెబ్బేం కాదు. ఇన్సూరెన్స్‌వాళ్ళు చకచకా ఒప్పుకున్నారు కూడా, నాది జీరో డెప్రిసియేషన్ పాలసీ (అది లేకపోతే ప్లాస్టిక్ సామాన్ల ధరలో సగం కోస్తారు, ఇలాంటి బండికి అది తీసుకోకపోవడం తెలివితక్కువ). కానీ ఇన్సూరెన్స్ డబ్బులిస్తుంది, హెడ్‌లైట్ ఇవ్వదు కదా. సర్వీస్ సెంటర్‌లో ఎప్పుడడిగినా "ఆర్డర్ పెట్టినామన్నా, వస్తాది" అనే మాటే. బండి నెల రోజులకు పైగా షెడ్డులోనే ఉంది. చివరికి చెన్నైలో పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో, ఏదో బండికి దెబ్బతగిలితే విప్పి అమ్మిన హెడ్‌లైట్ దొరికింది, ఒక క్లిప్ విరిగి ఉంది, దాన్ని మా మెకానిక్ ఎలాగో కూర్చోబెట్టాడు. పాత సామానుకు సరైన బిల్లు ఉండదు కాబట్టి ఆ ఖర్చు నా జేబులోంచే పోయింది. తర్వాత ఇండికేటర్లు, లివర్లు, ఒక జత అద్దాలు, దొరికిన ఒక్క సైడ్ ప్యానెల్ కొని అటక మీద పెట్టా. మా ఆవిడ దాన్ని బండి సీమంతం సామాను అంటుంది.

ఇన్సూరెన్స్‌లో ఇంకో మెలిక ఉంది. బండి విలువను ఏటేటా ఎంత తగ్గించాలో పట్టిక ఉంటుంది గానీ, ఆపేసిన మోడళ్ళకు, ఐదేళ్ళు దాటిన బండ్లకు ఆ విలువను కంపెనీ, మనం మాట్లాడుకుని తేల్చుకోవాలి. రెన్యువల్‌కు ఒకచోట చెప్పిన విలువకూ ఇంకోచోట చెప్పినదానికీ చాలా తేడా వచ్చింది. ప్రీమియం తక్కువ అని చిన్న విలువకు ఒప్పుకుంటే రేపు బండి పోతే చేతికొచ్చేది కూడా అంతే.

పెట్రోల్ సంగతి కూడా చూసుకోవాలి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్లు ఈ20ని, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, ఇప్పుడు బంకుల్లో పోసేది అదే. అలాంటి టూవీలర్ల మైలేజీ 3–4 శాతం తగ్గొచ్చని 2021లోనే నీతి ఆయోగ్ నివేదికలో ఉంది. నాకూ కొంచెం తగ్గినట్టే ఉంది, పెద్దగా పట్టించుకోలేదు. రబ్బరు పైపులు మాత్రం ప్రతి సర్వీసులో చూడమని చెప్తున్నా.

అమ్మితే ఎంతొస్తుందని కనుక్కున్నా. ఆర్సీలో 2022 తయారీ అని కనబడుతుంది, పైగా ఆపేసిన మోడల్, కాబట్టి నేను మిగుల్చుకున్నదంతా అక్కడే పోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగాక మామూలు కొత్త బండే లక్షన్నరకు పదకొండు వేలకు పైగా తగ్గింది. అందుకే ఇప్పుడు పది వేలు తగ్గిస్తామంటే అది ఏ ధర మీదో అడగాలి, పాత జీఎస్టీ ధర చూపించి తగ్గించినట్టు మాట్లాడేవాళ్ళు ఉంటారు.

మొన్న పుత్తూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, 2025 ఏప్రిల్‌లో ఓబీడీ-2 తర్వాతి మెట్టు ఓబీడీ-2బీ వచ్చినప్పుడు మిగిలిపోయిన బండి ఒకటి చూసుకున్నాడట. రంగు, ధర చెప్పుకుంటూ పోతున్నాడు. "అవన్నీ సరేరా అబ్బయా, ముందు స్పేర్ల కౌంటర్‌కు పోయి, బండి కొంటున్నానని చెప్పకుండా హెడ్‌లైట్‌కీ మీటర్‌కీ ఎన్ని రోజులు పడుతుందో అడిగి రా" అన్నా. వెళ్ళి అడిగితే హెడ్‌లైట్‌కు పదిహేను రోజులు, మీటర్ సంగతి చెప్పలేమన్నారట. ఇంకో ఆరు వేలు తగ్గిస్తే తీసుకుంటానని వాళ్ళతో ఇంకా లాగుతున్నాడు.