హిమాలయన్ కార్బ్యురేటర్‌కి ఏఎఫ్ఆర్ మీటర్: రెండు వానాకాలాలు వాడాక

ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ ఏ నిష్పత్తిలో కలుస్తున్నాయో చూపించే ఈ ఏఎఫ్ఆర్ మీటర్ కొన్నందుకు నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది. దానికి కారణం ఒక్కటే. థ్రాటిల్ పావు వంతు తెరిచి ఉన్నప్పుడు ఇంజిన్‌లోకి పెట్రోల్ సరిపడా వెళ్తోందా లేదా అన్నది, బండి నడుస్తుండగానే అంకెల్లో చూపిస్తుంది. ఆ ఒక్క చోటే నా బండికి జబ్బు. ఎంతమంది చేతిలో పెట్టినా అది ఎక్కడుందో తేలలేదు.

నాది 2016 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, ఫ్యుయెల్ ఇంజెక్షన్ రాకముందు కార్బ్యురేటర్‌తో (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) వచ్చిన బండి. ఒడిశాలోని సెమిలిగుడలో విత్తనాల వ్యాపారం. పొట్టంగి, నందపూర్ వైపు పల్లెలకి తిరగడానికి ఇంతకన్నా పనికొచ్చే బండి నాకు కనబడలేదు. అత్తగారిది సాలూరు కాబట్టి సుంకి ఘాట్ దిగడం, ఎక్కడం కూడా మామూలే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ బండి కథలో ఆ ఘాట్‌కి పెద్ద పాత్ర ఉంది.

జబ్బు ఇది. యాభై, అరవై స్పీడులో థ్రాటిల్ కదపకుండా పోతుంటే వెనక నుంచి ఎవరో పట్టి లాగి వదులుతున్నట్టు ఉండేది. గట్టిగా తిప్పితే మాయం. సెమిలిగుడలో కొద్దిగా ఉండేది. సాలూరు దిగి పార్వతీపురం రోడ్డు పట్టగానే బాగా తెలిసేది, ఇంజిన్ వేడి కూడా ఎక్కువగా అనిపించేది. కార్బ్యురేటర్ విప్పి కడిగారు. ప్లగ్ మార్చారు. చివరికి అందరిదీ ఒకటే మాట: మెయిన్ జెట్ (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ ఇచ్చే చిన్న రంధ్రం) ఒక సైజు పెంచుదాం. జయపురంలో నేను నమ్మే మేస్త్రీ ఒకాయన ఉన్నారు, చెవితోనే ట్యూనింగ్ చేస్తారు. ఆయన మాత్రం ప్లగ్ చేతిలో పట్టుకుని, "ఏటి బాబూ, రంగు బాగానే ఉంది కదా, ఊరికే జెట్లెందుకు మార్చడం?" అన్నారు. ఆయన మాట మీదే ఆగాను. మీటర్ కొందామన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది.

బిగించడం గురించి ఎక్కువ రాయను. లోపల ఉన్నది బాష్ ఎల్ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ సెన్సర్, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలుస్తుంది. లేత్ షాపులో 18 మిల్లీమీటర్ల, 1.5 పిచ్ మరతో బుష్ చేయించి, సైలెన్సర్ బెండు పైపుకి వెల్డింగ్ పెట్టించాను. సెన్సర్ మూతి కిందికి వాలి ఉండాలి. అడ్డంగా ఉన్న గీత నుంచి కనీసం పది డిగ్రీలు పైకి ఎత్తి పెట్టకపోతే చల్లని పైపులో చేరే నీటిచుక్కలు దాని మీద పడతాయి. లోపలి సిరామిక్ పని చేసేటప్పుడు 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, నీరు తగిలితే పగులుతుంది. హీటర్ కరెంటు బాగా లాగుతుంది కాబట్టి రిలే పెట్టి ఇగ్నిషన్ నుంచి ఇచ్చాను. బండికి సెకండరీ ఎయిర్ గొట్టం (పొగలోకి బయటి గాలి పంపేది) ఉంటే కొలిచినంతసేపు దాన్ని మూసేయాలి. లేకపోతే ఆ గాలి కూడా సెన్సర్ లెక్కలో కలుస్తుంది.

అసలు సంగతి ఘాట్ మీద తేలింది. థ్రాటిల్ గ్రిప్ మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకున్నాను. వెనక మా బావమరిది కూర్చున్నాడు, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి. నేను "పావు" అని పట్టి ఉంచితే వాడు మీటర్ చూసి అంకె చదవాలి. సెమిలిగుడలో పావు దగ్గర 15.2 చెప్పాడు. సుంకి దిగి సాలూరు చేరాక అదే రోడ్డు తీరు, అదే గేరు, అదే స్పీడు. "బావా, పదిహేను ఎనిమిది... బావా, పదహారు!" అని చెవిలో అరిచాడు. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం కింద 13.1, పైన 12.5.

ఆ నాలుగు అంకెలూ చాలు. అంకె పెరిగితే పెట్రోల్ తక్కువైనట్టు, తగ్గితే ఎక్కువైనట్టు. పెట్రోల్ అంతా గాలితో సరిగ్గా కాలిపోయే నిష్పత్తి 14.7, అంటే కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి. గాలి చల్లదనం మీద నడిచే ఇలాంటి పెద్ద సింగిల్ ఇంజిన్‌కి పావు థ్రాటిల్‌లో 14కి అటూ ఇటూగా, ఫుల్‌లో 13 చుట్టూ ఉంటే హాయి. అంటే మెయిన్ జెట్‌కి ఏ లోపమూ లేదు. దాన్ని పెంచి ఉంటే పావు దగ్గర జబ్బు పెద్దగా తగ్గేది కాదు, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం పెట్రోల్ ఎక్కువై పికప్ పోయేది. పావు నుంచి ముప్పావు వరకు పెత్తనం నీడిల్‌ది, అంటే పైకి లేచేకొద్దీ పెట్రోల్‌కి దారి పెంచే సూదిది. ఆకలి అక్కడ ఉంది.

సెమిలిగుడకీ సాలూరుకీ తేడా ఎందుకొచ్చిందన్నది నాకు బాగా నచ్చిన భాగం. మా ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, సాలూరు నూరు మీటర్ల చిల్లర. పైకి వచ్చేసరికి గాలి పలచబడుతుంది. కార్బ్యురేటర్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి మిశ్రమంలో పెట్రోల్ వంతు దాదాపు నాలుగు శాతం పెరుగుతుంది. ఇక ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది, పూర్తిగా కాలడానికి దానికి తొమ్మిది వంతుల గాలి చాలు. అందుకే 20 శాతం కలిసిన పెట్రోల్‌కి సరైన నిష్పత్తి 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే జెట్ నుంచి అంతే ద్రవం వస్తే, శుద్ధ పెట్రోల్‌తో పోల్చినప్పుడు ఎనిమిది శాతం తక్కువ పడినట్టు. 2016లో ఈ బండి జెట్లు వేసింది అప్పటి పెట్రోల్‌కి. 2023లో ఈ20 కొన్ని బంకుల్లో మొదలై ఇప్పుడు ఎక్కడ కొట్టించినా దాదాపు అదే. ఇంజెక్షన్ బండ్లు సెన్సర్ చూసుకుని సర్దుకుంటాయి. మాలాంటి బండ్లకి ఆ సౌకర్యం లేదు. కొండ మీద పలచని గాలి ఆ లోటులో సగం పూడుస్తోంది, కింద పూడ్చేవాళ్లు లేరు. ఇన్నాళ్లూ "మీ ఊరి బంకులో పెట్రోల్ మంచిది, సాలూరులో కల్తీ" అని నాతో అన్నవాళ్లు ఎంతమందో!

ఇక్కడ ఒక చిన్న వివరం. ఈ20కి సరైనది 13.5 అయితే మీటర్‌లో కూడా 13.5 కోసం చూడాలా? అక్కర్లేదు. సెన్సర్ కొలిచేది మిగిలిన ఆక్సిజన్‌ని. దాన్నిబట్టి ల్యాంబ్డా (కావలసిన గాలితో పోలిస్తే అసలు గాలి ఎంత) లెక్కగట్టి, దాన్ని 14.7తో గుణించి చూపిస్తారు, అంతే. ఏ పెట్రోల్ పోసినా మీటర్ మీద 14.7 అంటే సరిగ్గా కాలినట్టే. ఈ గందరగోళం వద్దనుకుంటే ల్యాంబ్డా డిస్‌ప్లేకి మార్చుకోవచ్చు, అప్పుడు 1.00 అని చూపిస్తుంది.

పని చిన్నదే. కార్బ్యురేటర్ పై మూత తీసి, డయాఫ్రమ్‌ని అంచు చిరగకుండా పైకి లేపి, నీడిల్ తల కింద అర మిల్లీమీటరు మందం వాషర్ ఒకటి వేశాం. మేస్త్రీ ట్వీజర్‌తో పట్టుకున్న ఆ వాషర్ చొక్కా గుండీలో సగం కూడా లేదు. నీడిల్ ఆ కాస్త పైకి లేచింది. మళ్లీ ఘాట్ మీద కొలిస్తే పైన 13.8, కింద 14.4. లాగి వదలడం పోయింది. పార్వతీపురం దాకా థ్రాటిల్ కదపకుండా, నున్నగా. ఇంకా ఎత్తైన దేవమాలి కొండ మీదికి తీసుకెళ్తే 13.3కి దిగింది, అయినా ఎక్కడా తడబడలేదు. మైలేజీ తగ్గుతుందని భయపడ్డాను, నాకు తేడా తెలియలేదు.

అప్పట్లో ఈ మీటర్ ఉంటే చెవితో ట్యూనింగ్ చేసేవాళ్లతో ఇక పని లేదని అందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. వానలు తగ్గుతున్న రోజుల్లో, నందపూర్ రోడ్డు మీద గోతుల్లో బాగా కుదుపులు తిన్నాక, మీటర్ ఒక్కసారిగా ఐడ్లింగ్‌లో 17, పావు దగ్గర 16.5 చూపించడం మొదలెట్టింది. చూడగానే టెన్షన్. స్లో జెట్‌లో (ఐడ్లింగ్‌లో పెట్రోల్ ఇచ్చేది) చెత్త పడిందనుకోవచ్చు, ఇన్‌టేక్ రబ్బరు పగిలిందనుకోవచ్చు. పక్కనున్న కుర్రాడు మిక్స్చర్ స్క్రూ (ఐడ్లింగ్ మిశ్రమాన్ని సర్దేది) రెండు చుట్లు బయటకి తిప్పి పెట్రోల్ పెంచమన్నాడు. కానీ రెండు విషయాలు పొసగలేదు. ఇంజిన్ హాయిగా లాగుతోంది, పాత కుదుపు ఆనవాలే లేదు. పైగా ఫుల్ థ్రాటిల్‌లో ఎప్పటిలాగే 12.5. నిజంగా పెట్రోల్ అందకపోతే బండి చెప్పకుండా ఉండదు.

మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మీటర్ వైపు చూడనే లేదు. ఇంజిన్ చల్లారనిచ్చి, స్టార్ట్ చేసి, సైలెన్సర్ మూతికి తడి గుడ్డ అడ్డం పెట్టమన్నారు. సిలిండర్ హెడ్‌కి బెండు పైపు కలిసే చోట సబ్బు నీళ్లు పోశారు. ఒక పక్క నట్టు దగ్గర నురగ బుడగలు బుడగలుగా పొంగింది. ఆ నట్టు వదులైంది, లోపల గాస్కెట్ ఒక అంచున నల్లగా మసిబారి ఉంది. ఎగ్జాస్ట్ దడదడా కొట్టుకునేటప్పుడు అలల మధ్య పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్‌కి అది ఇంజిన్ నుంచి వచ్చిన ఆక్సిజనో, బయటదో తెలియదు. పొగ తక్కువగా ఉన్న ఐడ్లింగ్‌లో ఆ గాలి వాటా పెద్దది, ఫుల్ థ్రాటిల్‌లో లెక్కలోకి రాదు. కొత్త గాస్కెట్ వేయగానే పాత అంకెలు తిరిగొచ్చాయి. ఆ రోజు మీటర్ మాట విని స్క్రూ తిప్పి ఉంటే, బాగున్న బండికి ప్లగ్ నల్లబడేది.

ఐడ్లింగ్ అంకెని ఇప్పుడు నేను అసలు పట్టించుకోను. సింగిల్ సిలిండర్, నెమ్మదిగా తిరిగేటప్పుడు సైలెన్సర్ చివరి నుంచి కూడా గాలి వెనక్కి వస్తుంది. ఘాట్ దిగేటప్పుడు థ్రాటిల్ మూస్తే 20 దాటి చూపిస్తుంది, దానికీ అర్థం లేదు. మంట అంటుకోకుండా పోయిన మిశ్రమంలో ఆక్సిజన్ అలాగే ఉండిపోతుంది కదా. మిక్స్చర్ స్క్రూ మాత్రం మేస్త్రీ పద్ధతే: ఇంజిన్ వేడెక్కాక, ఆర్పీఎం ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో చెవితో విని అక్కడ ఆపడం.

కొనాలా అని అడిగేవాళ్లకి నా జవాబు బండిని బట్టీ, ఊరిని బట్టీ మారుతుంది. సెన్సర్, కంట్రోలర్, మీటర్, వెల్డింగ్ కలిపి నాకు పదిహేను వేలు దాటింది. ఒక్క వాషర్ వేయడానికి అంత ఖర్చా అంటే, ఏ వాషర్, ఎక్కడ అన్నది తెలియక అంతకుముందు తిరిగిన తిరుగుడు నాకు గుర్తుంది. రాయగడలోనో, బరంపురంలోనో ఒకే ఎత్తులో, తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకి ఇది శాశ్వతంగా అక్కర్లేదు. ఎవరి దగ్గరైనా రెండు రోజులు అరువు తెచ్చుకుని కొలిచి ఇచ్చేస్తే సరిపోతుంది, బుష్ మాత్రం వేయించుకోవాలి. నాలా వారంలో కొండ మీదా, కిందా తిరిగే పాత కార్బ్యురేటర్ బండి ఉంటే, నమ్మదగ్గ మేస్త్రీ కూడా దగ్గరలో ఉంటే, కొనమనే చెబుతాను. వానాకాలంలో వాగులు దాటాల్సి వస్తే సెన్సర్ విప్పి బుష్‌కి బోల్టు బిగించేయండి. హీటర్‌కి కరెంటు లేకుండా సెన్సర్‌ని పైపులోనే వదిలి బండి నడపొద్దు, మసి పట్టి పాడవుతుంది.